బిల్లు అంటే కరెంటు బిల్లు కాదు: ఏడో తరగతికి చట్టాల తయారీ పాఠం

మేడం, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. కొత్తగా ఉద్యోగంలో చేరి హైస్కూల్లో ఏడు, ఎనిమిది తరగతులకు సోషల్ చెబుతున్నారు. రాష్ట్రంలో చట్టం ఎలా తయారవుతుందో చెప్పే పాఠంలో పిల్లలు మొదటి పఠనం, రెండో పఠనం, మూడో పఠనం అని గడగడా ఒప్పజెబుతున్నారు గానీ ఒక్కరికీ తలకెక్కలేదన్నారు. పోనీ అని మాక్ అసెంబ్లీ పెడితే పది నిమిషాల్లో సంతలా తయారై పక్క క్లాసు మాస్టారు వచ్చి తలుపు కొట్టారని రాశారు. ఇంకెలా చెప్పాలి అన్నది మీ ప్రశ్న.

నేను 1999లో చేరాను. ఈ పాఠం పాతిక సార్లకు పైగా చెప్పి ఉంటాను. అందులో మొదటి పదిసార్లు చెడగొట్టాను. గోడకు పెద్ద చార్టు, దాని మీద బాణం గుర్తులు, బిల్లు నుంచి గవర్నర్ దాకా. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినవాళ్లు చార్టు బాగుందని మెచ్చుకునేవారు కూడా. ఒకరోజు వెనక బెంచీ కుర్రాడు లేచి, "మాస్టారండీ, అసెంబ్లీకి వచ్చే బిల్లు ఎవరు కడతారండి?" అన్నాడు. క్లాసు నవ్వలేదు. వాళ్లందరికీ అదే అనుమానం! బిల్లంటే ఇంట్లో కరెంటు బిల్లు, హోటల్లో టిఫిన్ బిల్లు. మనం మాత్రం బిల్లు మూడు పఠనాలు పూర్తి చేసుకుంటుందని బోర్డు మీద రాసి చేతులు దులుపుకుంటున్నాం. ఆరోజు నుంచి బోర్డు మీద "బిల్లు" అని ముందుగా రాయడం మానేశాను. "రాయబోయే చట్టం చిత్తు ప్రతి" అంటాను. రెండు మూడు రోజులు దాంతో కుస్తీ పట్టాక, అసెంబ్లీలో దీన్నే బిల్లంటారని చెబుతాను. అప్పటికి ఆ మాటకు చోటు దొరుకుతుంది.

నేను నేర్చుకున్నది ఒక్కటే. చట్టం తయారీ అంటే మెట్లు కాదు, మాటల మీద పోట్లాట. ఆ పోట్లాట పిల్లలు ఒక్కసారి పోట్లాడితే మెట్లన్నీ వాటంతటవే గుర్తుంటాయి. మీ మాక్ అసెంబ్లీ ఎందుకు సంత అయిందంటే పిల్లల చేతిలో పోట్లాడటానికి ఒక కాగితం లేదు. కాగితం లేకపోతే వాళ్లకు తెలిసింది టీవీలో చూసిందే కదా: పోడియం చుట్టుముట్టడం, కాగితాలు చింపడం, వాకౌట్.

మొదటి పీరియడ్‌లో ఒక పని చేయండి. "ఎమ్మెల్యే ఏం చేస్తారు?" అని అడిగి పిల్లలు చెప్పినవన్నీ దిద్దకుండా బోర్డు మీద రాయండి. పెన్షన్ ఇప్పిస్తారు, రోడ్డు వేయిస్తారు, రిబ్బన్ కట్ చేస్తారు, పెళ్లిళ్లకు వస్తారు, తుపాను వస్తే బియ్యం పంచుతారు. మా క్లాసుల్లో ఇన్నేళ్లలో "చట్టం చేస్తారు" అని తనంతట తానుగా చెప్పిన పిల్లలు ముగ్గురో నలుగురో. తప్పు పిల్లలది కాదు, వాళ్లు చూసిందే చెప్పారు. ఆ జాబితా చివర ఒక ఖాళీ గీత గీసి అలాగే వదిలేయండి. పాఠం చివర్లో వాళ్లే నింపుతారు.

అదే పీరియడ్‌లో ఇంకో ముడి విప్పాలి. అది మన రాష్ట్రాల్లో మరీ గట్టి ముడి. పిల్లల దృష్టిలో చట్టమంటే ముఖ్యమంత్రి సంతకం. ప్రమాణ స్వీకారం రోజున వేదిక మీదే ఫైలు తెప్పించుకుని తొలి సంతకం పెట్టడం మనకు పండగ లాంటిది. 2004లో రాజశేఖరరెడ్డి ఉచిత విద్యుత్ ఫైలు మీద పెట్టారు, 2024లో చంద్రబాబు ప్రమాణం మర్నాడు సచివాలయంలో టీచర్ల నియామకాల మెగా డీఎస్సీ ఫైలు మీద పెట్టారు. ఇవేవీ చట్టాలు కావు, ప్రభుత్వం తన అధికారంతో తీసుకున్న నిర్ణయాలు. వీటికి జీవో చాలు. మరి 1994 డిసెంబరులో ఎన్టీఆర్ మద్యనిషేధం మీద పెట్టిన సంతకం? అక్కడ సంతకం ఒక్కటే చాలదు. తాగినవాడిని, అమ్మినవాడిని పట్టుకుని శిక్షించాలంటే శిక్ష ఎంతో చెప్పే చట్టం కావాలి. 1995లో మద్యనిషేధ చట్టం అందుకే చేశారు. పిల్లలకు ఈ తేడా చెప్పడానికి నా దగ్గరున్న మాట ఇది: ప్రభుత్వం ఇవ్వదలుచుకుంటే చాలాసార్లు జీవో సరిపోతుంది, జనం చేత బలవంతంగా ఏదైనా చేయించాలన్నా మాన్పించాలన్నా చట్టం ఉండాలి. ఇది నూటికి నూరుపాళ్లు నిలబడే సూత్రం కాదు, లాయర్లు వింటే ముక్కు విరుస్తారు. పన్నెండేళ్ల పిల్లలకు మాత్రం మంచి ఊతకర్ర.

మద్యనిషేధం మాట వచ్చింది కాబట్టి, దూబగుంట కథను వదలకండి. నెల్లూరు జిల్లాలోని ఆ ఊళ్లో అక్షరాలు దిద్దుకోవడానికి రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్లు 1992లో సారా దుకాణం మూయించడానికి బయలుదేరారు. రోసమ్మ పేరు అప్పుడే రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995లో మొత్తం మద్యనిషేధం, 1997లో సడలింపు. చట్టం అసెంబ్లీలో పుట్టదు, అసెంబ్లీకి నడిచి వస్తుందని చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి కథ లేదు. చేసిన చట్టాన్ని మళ్లీ మార్చుకోవచ్చని కూడా ఇందులోనే ఉంది.

రెండో పీరియడ్‌కు ఇంటికి తగిలే చట్టం ఒకటి తీసుకెళ్లండి. పల్లెటూరి బడి అయితే వాల్టా. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం అంటే ఎవరికీ తెలియదు గానీ, "వాల్టా కేసు పెట్టారు" అంటే ట్రాక్టర్లున్న ప్రతి ఇంట్లో తెలుసు. బోరు వేయాలన్నా, చెట్టు కొట్టాలన్నా అనుమతి ఎందుకు అడగాలి, మన పొలంలో మన చెట్టే కదా అని పిల్లలే వాదనకు దిగుతారు. దిగనివ్వండి.

నాకు ఇంకా ఇష్టమైనది ఆడపిల్లల ఆస్తి హక్కు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కు ఇచ్చింది. 1985 సెప్టెంబరు 5 నుంచి అమలు. దేశమంతటికీ ఈ హక్కు 2005లో గానీ రాలేదు, మనం ఇరవై ఏళ్లు ముందున్నాం. అయితే అందులో ఒక మెలిక ఉంది: ఆ తేదీకి ముందే పెళ్లయిపోయిన ఆడపిల్లలకు ఆ చట్టం హక్కు ఇవ్వలేదు. 2005 కేంద్ర సవరణలో ఆ షరతు లేదు. ఒకసారి ఈ సంగతి చెప్పి, మీ అమ్మమ్మల పెళ్లి ఏ సంవత్సరంలో అయిందో కనుక్కు రమ్మన్నాను. మర్నాడు ఒక అమ్మాయి వచ్చి, "మా మామ్మ పెళ్లి 84లో అయిందంటండి. ఒక్క ఏడాది ఆగి ఉంటేనా!" అంది. చట్టంలో ఒక తేదీ ఎంత పని చేస్తుందో ఆ పిల్లకు ఇక ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక్కడే ఒక జాగ్రత్త. ఆ వారంలోనే ఒక పిల్లాడి తండ్రి బడికి వచ్చి, "మాస్టారూ, మా ఇంట్లో పంపకాల గొడవ మళ్లీ లేపారు కదండీ" అని గట్టిగానే అడిగాడు. ఆయన తప్పేం లేదు, చెల్లెలితో కోర్టులో ఉన్నాడట. అప్పటి నుంచి ఇంటికి వెళ్లి అడిగి రమ్మనడం మానేశాను. బోర్డు మీద ఒక ఉత్తుత్తి కుటుంబం గీసి, అక్కకు 1983లో, చెల్లికి 1987లో పెళ్లి చేసి, 1986 నాటి ఆ చట్టం ప్రకారం ఎవరికి వాటా వస్తుందో చెప్పమంటాను. పని జరుగుతుంది, ఇంట్లో గొడవ ఉండదు.

ఇక అసలు పని మూడో పీరియడ్‌లో మొదలవుతుంది. పిల్లల చేత ఒక చట్టం చిత్తు ప్రతి రాయించాలి. విషయం ఎంచుకోవడంలోనే సగం గెలుపు. చాలామంది "బడిలో ఫోన్ల నిషేధం", "ప్లాస్టిక్ నిషేధం" ఇస్తారు. వాటిలో అందరూ ఒకే పక్షం, ఎదుటి పక్షం మాట కోసం తడుముకుంటుంది. రెండు వైపులా న్యాయం ఉన్న విషయం కావాలి. మాది వరి ప్రాంతం. నేను తీసుకున్నది రోడ్ల మీద ధాన్యం ఆరబోత. కోతల రోజుల్లో రోడ్డు సగం వడ్లే, చుట్టూ రాళ్లు. రాత్రి బండి మీద వచ్చేవాడికి ఆ రాళ్లు కనబడవు. క్లాసులో రైతుల పిల్లలూ ఉంటారు, ఆ రాళ్లకు తగిలి బాబాయి చెయ్యి విరిగిన పిల్లలూ ఉంటారు.

పిల్లలు రాసిన మొదటి వాక్యం ఇది: "రోడ్డు మీద ధాన్యం ఆరబోయరాదు. ఆరబోస్తే 500 రూపాయలు జరిమానా." అయిపోయింది అనుకుని కూర్చున్నారు. నేను బోర్డు మీద "రోడ్డు" అన్న మాట కింద గీత గీసి, రోడ్డంటే ఏమిటి అన్నాను. మిగిలిన పీరియడంతా నేను నోరు విప్పలేదు. మా ఇంటి ముందు సిమెంటు రోడ్డు రోడ్డేనా? పొలానికి వెళ్లే డొంక? చెరువు గట్టు? బడి గ్రౌండు? హైవే అయితే? హైవే దగ్గర మాత్రం నేను కలగజేసుకుని, దేని మీద కేంద్రం, దేని మీద రాష్ట్రం చట్టం చేయాలో చెప్పే మూడు జాబితాల సంగతి చెప్పాను. జాతీయ రహదారులు కేంద్ర జాబితాలోవి, కాబట్టి మన బిల్లులోంచి ఆ రోడ్డు తీసేయాల్సి వచ్చింది. కేంద్ర జాబితా, రాష్ట్ర జాబితా, ఉమ్మడి జాబితా అని విడిగా ఒక పీరియడ్ చెప్పినా రాని స్పష్టత ఆ రెండు నిమిషాల్లో వచ్చింది.

తర్వాత "ధాన్యం". మొక్కజొన్న వస్తుందా? మినుములు? మిరపకాయలు ధాన్యం కాదు కదా, మరి వాటిని పోయొచ్చా? "ఆరబోయడం" అంటే పరిచి ఎండబెట్టడమేనా, కుప్ప చేసి పరదా కప్పి ఉంచడం కూడానా? అప్పుడు రెండో వరసలో ఎప్పుడూ మాట్లాడని అమ్మాయి ఒకతె లేచింది. "మా నాన్న కౌలుకు చేస్తారండి. జరిమానా ఆసామి కడతాడా, మా నాన్న కట్టాలా?" క్లాసంతా ఒక్కసారి చప్పబడింది. బోర్డు మీద ఉన్న వాక్యంలో ఎవరు కట్టాలో లేనే లేదు. ఆ ప్రశ్నకు జవాబు రాయడానికి వాళ్లకు ఇంకో అర పీరియడ్ పట్టింది. ఎటూ తేలక చివరికి ఓటుకు వెళ్లాం.

మేడం, ఆ పిల్ల ప్రశ్నే రెండో పఠనం. పుస్తకంలో "క్లాజుల వారీగా చర్చ జరుగును" అని ఒక్క ముక్కలో ఉంటుందే, దాని లోపల ఉండేది అదే. మొదటి పఠనమంటే మంత్రి లేచి బిల్లు ప్రవేశపెట్టడానికి సభ అనుమతి అడగడం, అయిదు నిమిషాల పని. మూడోది మొత్తం బిల్లుకు అవునో కాదో చెప్పడం. వాటిని అయిదేసి నిమిషాల్లో దాటేయండి. మీ సమయమంతా రెండో దానికి పెట్టండి. అది అయ్యాక నిజం చట్టం ఏదైనా ఒకటి తెరిచి మొదటి పేజీ చూపించండి. దాదాపు ప్రతి చట్టంలోనూ రెండో సెక్షన్ దగ్గర నిర్వచనాలు ఉంటాయి. అంతకు ముందు చూపిస్తే ఆవులిస్తారు. ఇప్పుడు చూపిస్తే, "అబ్బో, వీళ్లూ మనలాగే కొట్టుకున్నారన్నమాట" అంటారు.

పక్షాలను చీటీలు వేసి విడగొట్టండి, సొంత అభిప్రాయాన్ని బట్టి వద్దు. ఒక ఏడాది రైతు బిడ్డ ఒకడు అధికార పక్షంలో పడ్డాడు. బిల్లు తెచ్చింది అధికార పక్షమే. ఓటింగుకు ముందు ఒక మడత కాగితం ఇచ్చాను, అందులో "బిల్లుకు అనుకూలంగా ఓటు వేయవలెను, విప్" అని ఉంది. విప్ అంటే ఎలా ఓటేయాలో పార్టీ తన సభ్యులకు ఇచ్చే ఆదేశం. వాడు కాగితం వైపూ నా వైపూ చూసి, "ఇష్టం లేకపోయినా వెయ్యాలాండి?" అన్నాడు. వేయకపోతే సభ్యత్వం పోవచ్చు, రాజ్యాంగం పదో షెడ్యూలులో ఫిరాయింపుల నిబంధన ఉంది అని చెప్పాను. వేశాడు. విరామంలో వచ్చి ఇది అన్యాయం అన్నాడు. మరి విప్ లేకపోతే పార్టీ చూసి ఓటేసిన జనం సంగతేమిటి అన్నాను. ఇద్దరం తేల్చుకోలేకపోయాం. తేల్చడం మన పని కూడా కాదు.

గోల సంగతి అడిగారు కదా. గోలను ఆపకండి, దానికి ధర పెట్టండి. స్పీకరుగా కూర్చున్న పిల్లకు సస్పెండ్ చేసే అధికారం ఇచ్చాను. ప్రతిపక్షం పిల్లలు ఇద్దరు బల్ల ఎక్కారు, ఆ అమ్మాయి ఏ మొహమాటమూ లేకుండా బయటికి పంపింది. తర్వాతి క్లాజు మీద వాళ్ల సవరణ ఒకే ఒక్క ఓటుతో ఓడిపోయింది. కిటికీలోంచి చూస్తున్న ఆ ఇద్దరి మొహాలు నాకిప్పటికీ గుర్తే. మరుసటి రోజు బల్ల ఎక్కినవాళ్లు లేరు.

ఓటింగు ముందు మూజువాణితోనే మొదలుపెట్టండి. "అవును" అనేవాళ్లు, "కాదు" అనేవాళ్లు. గొంతు పెద్దది ఉన్న పక్షం గెలిచినట్టు ఉంటుంది. ఓడినవాళ్లు డివిజన్, అంటే తలలు లెక్కపెట్టే ఓటింగు, అడగవచ్చని అప్పుడు చెప్పండి. లేచి నిలబడితే లెక్క మారిపోతుంది. చప్పుడుకూ సంఖ్యకూ తేడా పిల్లలకు ఇంత సులువుగా ఇంకెక్కడా దొరకదు.

లెక్కల మాస్టారికి కూడా ఇందులో పని ఉంది. కోరం అంటే సభ నడవడానికి ఉండాల్సిన కనీస హాజరు: పది మంది గానీ, మొత్తం సభ్యుల్లో పదో వంతు గానీ, ఏది ఎక్కువైతే అది. ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో 175 మంది, పదో వంతు 17.5, మనిషిని సగం చేయలేం కాబట్టి 18. తెలంగాణలో 119 మంది, అక్కడ 12. ఇక బిల్లు నెగ్గడానికి హాజరై ఓటు వేసినవారిలో మెజారిటీ చాలు. అంటే సభలో 18 మందే ఉన్న రోజున పది ఓట్లతో రాష్ట్రమంతటికీ సంబంధించిన బిల్లు అసెంబ్లీలో నెగ్గిపోవచ్చు. ఈ లెక్క వేశాక ఒక పిల్లాడు, "అయితే మన ఎమ్మెల్యే ఆరోజు వెళ్లాడో లేదో ఎలా తెలుస్తుందండి?" అని అడిగాడు. ఆ ఖాళీ గీత గుర్తుందా? దాన్ని నింపింది ఆ ప్రశ్నే.

శాసనమండలి, అంటే అసెంబ్లీకి తోడుగా ఉండే పై సభ, సంగతికి వస్తే, నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మనకు మండలే లేదు. 1958లో ఏర్పడింది, 1985లో రద్దయింది, 2007లో మళ్లీ వచ్చింది. దేశంలో ఇప్పుడు ఆరు రాష్ట్రాల్లోనే ఉంది, వాటిలో రెండు మనవే. ఆంధ్రప్రదేశ్ మండలిలో 58 మంది, తెలంగాణలో 40. మండలి సంఖ్య అసెంబ్లీలో మూడో వంతు దాటకూడదు, 40కి తగ్గకూడదు. ఈ రెండు షరతులు పిల్లలకిచ్చి రెండు రాష్ట్రాల లెక్కా సరిపోతుందో లేదో చూడమనండి, తెలంగాణ దగ్గర తమాషాగా ఉంటుంది. మండలిలో పన్నెండో వంతు టీచర్లు ఎన్నుకునేవారు. హైస్కూల్లో మూడేళ్లు పనిచేసిన టీచరుకు అందులో ఓటు ఉంటుంది. మీకింకా మూడేళ్లు నిండి ఉండవు, సీనియర్ మేడం ఎవరినైనా పిలిచి ఎలా వేశారో చెప్పించండి.

మండలిగా నేను ఎనిమిదో తరగతిని వాడతాను. మా ఏడులో 34 మంది, మూడో వంతు 11. ఎనిమిదో తరగతి నుంచి 11 మంది. ఏడో తరగతి ఆమోదించిన కాగితం వాళ్లకు పంపుతాను. మండలి ఒక బిల్లును మూడు నెలలు ఉంచుకోవచ్చు, నేను మూడు రోజులు ఇస్తాను. ఆలోగా తేల్చకపోయినా, తిరస్కరించినా, ఒప్పుకోలేని సవరణలు పెట్టినా, అసెంబ్లీ మళ్లీ ఆమోదించి పంపవచ్చు. రెండోసారి మండలికి మిగిలేది ఒక నెలే, మాకు ఒక రోజు. ఆ తర్వాత మండలి ఏమన్నా బిల్లు ముందుకే వెళుతుంది. పన్నులు, ఖజానా డబ్బు వ్యవహారాలకే పరిమితమైన ద్రవ్య బిల్లు అయితే పద్నాలుగు రోజులే, సూచనలు మాత్రమే. మన బిల్లులో 500 జరిమానా ఉంది కదా, ఇది ద్రవ్య బిల్లేనా అని తప్పకుండా అడగండి. కాదు. జరిమానా ఉన్నంత మాత్రాన ద్రవ్య బిల్లు కాదని రాజ్యాంగం 199వ అధికరణంలోనే ఉంది. టీచర్లు కూడా ఇక్కడ తడబడటం చూశాను.

ఎనిమిదో తరగతి వాళ్లు ఊరికే ఉంటారా! పెద్దరికం చూపించడానికి ఒక సవరణ పెట్టారు: పంచాయతీ ఆరబోత కల్లం కట్టించిన తర్వాతే ఆ ఊళ్లో జరిమానా వేయాలి. ఏడో తరగతి ప్రతిపక్షం ఇదే అడిగి ఓడిపోయింది. అది పై సభ నుంచి తిరిగి వచ్చేసరికి అధికార పక్షానికి ఉడుకుమోత్తనం వచ్చింది. కానీ చర్చించి చివరికి ఒప్పుకున్నారు, ఎందుకంటే సవరణలో న్యాయం ఉంది. కల్లం కట్టాలంటే ఖజానా డబ్బు కావాలి. ఖజానా మీద ఖర్చు పడే బిల్లును సభ చర్చకు తీసుకోవాలంటే గవర్నర్ సిఫారసు ఉండాలి, దాంతో గవర్నర్ పాత్ర వేస్తున్న మా హెడ్మిస్ట్రెస్ గారి దగ్గరకు ముందుగానే ఒకసారి పరుగెత్తాల్సి వచ్చింది.

ఇదంతా అయ్యాక, ముందు మాత్రం కాదు, 2020 నాటి మూడు రాజధానుల బిల్లు కథ చెబుతాను. జనవరి 20న అసెంబ్లీ ఆమోదించింది. 22న మండలిలో చైర్మన్ దాన్ని సెలెక్ట్ కమిటీకి, అంటే బిల్లును లోతుగా పరిశీలించే సభ్యుల బృందానికి, పంపుతున్నట్టు ప్రకటించారు. 27న అసెంబ్లీ ఏకంగా మండలినే రద్దు చేయాలని తీర్మానించింది. జూన్‌లో అసెంబ్లీ బిల్లును రెండోసారి ఆమోదించింది, నెల గడువు తీరింది, జులై 31న గవర్నర్ సంతకం అయింది. 2021 నవంబరులో ఆ చట్టాన్ని రద్దు చేస్తూ ఇంకో బిల్లు వచ్చింది. మండలి రద్దు తీర్మానాన్నీ అదే నెలలో వెనక్కి తీసుకున్నారు. మండలి మాత్రం ఎక్కడికీ పోలేదు, ఎందుకంటే రాష్ట్రం తీర్మానం చేస్తే చాలదు, పార్లమెంటు చట్టం చేయాలి. పాఠంలో ఉన్న ప్రతి మెట్టూ ఈ ఒక్క కథలో ఉంది. తేదీలు మాత్రమే చెప్పండి. ఎవరిది ఒప్పు అన్న చోటికి క్లాసు వెళ్లబోతే, "మండలి ఆపగలిగిందా, ఆలస్యం చేయగలిగిందా?" అన్న ప్రశ్న దగ్గరికి లాక్కు రండి. ఇళ్లలో వేడి ఇంకా చల్లారని ఊళ్లో అయితే ఈ కథ జోలికే వెళ్లకండి.

గవర్నర్ పాత్ర హెడ్‌మాస్టరుకో హెడ్మిస్ట్రెస్‌కో ఇవ్వండి, ముందురోజే చెప్పి ఒప్పించండి. ఒట్టి సంతకం పెట్టేస్తే పాఠం చచ్చిపోతుంది. మా మేడం బిల్లును తిప్పి పంపారు, పక్కన ఒక చీటీ: "రాత్రిపూట కుప్ప దగ్గర దీపమో మెరిసే గుర్తో పెట్టాలని ఎందుకు రాయలేదు?" క్లాసు తల గోక్కుంది, నిజమే కదా అని. ఆ క్లాజు చేర్చి మళ్లీ పంపారు. సభ మళ్లీ ఆమోదించి పంపితే గవర్నర్ ఇక కాదనడానికి లేదని, సవరణ చేర్చకుండా అలాగే పంపినా అంతేనని చెప్పండి.

ఆ బిల్లు మేడం బల్ల మీద వారం రోజులు ఉండిపోయింది, నిజంగానే ఆవిడ మర్చిపోయారు. "ఎన్నాళ్లు ఉంచుకోవచ్చండి?" అని పిల్లలు అడగనే అడిగారు. రాజ్యాంగం 200వ అధికరణంలో తిప్పి పంపడం గురించి చెప్పేచోట "వీలైనంత త్వరగా" అని ఉంది, రోజుల లెక్క లేదు. ఇదే సంగతి మీద 2023లో తెలంగాణ ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. తమిళనాడు కేసులో 2025 ఏప్రిల్‌లో ఇద్దరు జడ్జీల బెంచి గడువులు పెట్టింది, నవంబరులో ఐదుగురు జడ్జీల బెంచి కోర్టులు అలా గడువు పెట్టలేవని చెప్పింది. ఏడో తరగతికి ఇంత లోతు అక్కర్లేదు. కానీ "వీలైనంత త్వరగా" అన్న రెండు మాటల మీద దేశంలోని పెద్ద పెద్ద లాయర్లు వాదించుకున్నారని చెబితే, వాళ్లు "రోడ్డు" అన్న మాట మీద కొట్టుకున్నది చిన్న విషయం కాదని తెలుస్తుంది.

గవర్నర్ దగ్గర నుంచి బిల్లు రాష్ట్రపతి దాకా కూడా వెళ్లవచ్చు. దీనికి దిశ బిల్లు చాలు. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఆమోదించింది. దిశ పోలీస్ స్టేషన్లు వచ్చాయి, దిశ యాప్ వచ్చింది, అందరి నోటా "దిశ చట్టం" అనే మాట. అయితే అది కేంద్రం చేసిన నేర చట్టాలను రాష్ట్రానికి మార్చే బిల్లు, రాష్ట్రపతి ఆమోదం కావాలి. అది రాలేదు, కాబట్టి చట్టం కాలేదు. సభలో బల్లలు చరిచి ఆమోదించినా, గవర్నరో రాష్ట్రపతో ఆమోదించేదాకా చట్టం కాదన్న సంగతి దీంతో అందుతుంది. నేరం వివరాల్లోకి వెళ్లక్కర్లేదు, మహిళల రక్షణ కోసం అంటే చాలు.

పరీక్ష ఎలా పెట్టాలంటారా. "బిల్లు చట్టంగా మారు దశలను వివరింపుము" అని అడిగితే మళ్లీ బట్టీకే తిరిగిపోతారు. పేపరు కటింగు ఒకటి ఇచ్చి, ఈ వార్తలో ఉన్నది బిల్లా, చట్టమా, జీవోనా, ఇంకా ఎవరి దగ్గరకు వెళ్లాలి అని అడగండి. లేదా ఇలా: "ఊళ్లో కోళ్లు రోడ్డు మీద తిరగరాదు" అన్న వాక్యం ఇచ్చి, ఇందులో ఏయే మాటలకు నిర్వచనం కావాలో గీతలు గీయించండి. నాలుగు మార్కులకు ఇంతకన్నా మంచి ప్రశ్న నాకు తట్టలేదు. వార్షిక పరీక్ష ప్రశ్నలు పాత పద్ధతిలోనే వస్తాయని టెన్షన్ పడకండి. ఒకసారి ఇదంతా చేసిన పిల్లలకు ఆ జవాబు ఒక్కరోజులో వస్తుంది.

మొత్తానికి ఏడు పీరియడ్లు పడుతుంది. సిలబస్ ఎప్పుడు పూర్తి చేయాలని మీరు అడిగేలోపే చెబుతాను: దీని తర్వాత వచ్చే పాఠం, అంటే చట్టాలను జిల్లాలో కలెక్టరు, తహసీల్దారు ఎలా అమలు చేస్తారన్నది, రెండు పీరియడ్లలో అయిపోతుంది. "మన జరిమానా ఎవరు వసూలు చేస్తారు, విఆర్వోనా, పోలీసా?" అన్న దగ్గర మొదలుపెడితే చాలు. అక్కడ కొంత సమయం తిరిగి వస్తుంది.

మీ ఊళ్లో వరి లేకపోతే వడ్ల బిల్లు పెట్టకండి, అతకదు. పట్నం బడి అయితే వీధి కుక్కలు, రాత్రి పదింటి తర్వాత మైకులు, బడి ముందు తోపుడు బండ్లు, ఏదైనా సరే, రెండు పక్షాలకూ క్లాసులో పిల్లలు దొరకాలి. ఏది ఎంచుకున్నారో రాయండి, దాంట్లో ఏ మాట కింద ముందు గీత గీయాలో ఆలోచించి చెబుతాను.